ఆలమూరు సంపూర్ణం కూతురు

రామలక్ష్మి టీచరు పద్యం చదివితే కరెంటు బిల్లు చదివినట్టుండేది. అక్షరం తప్పు పోదు, విరుపు తప్పదు, అర్థం విప్పి చెప్పడంలో ఆవిడని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. రాగం మాత్రం ఉండదు. తెలుగు మాస్టారన్నాక ఎంత గొంతు లేనివాడైనా పద్యం దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని నాలుగు మెలికలు తిప్పుతాడు. పక్క ఊరి తెలుగు మాస్టారికి ఉబ్బసం. ఆయన కూడా దగ్గుకీ దగ్గుకీ మధ్య దొరికిన ఖాళీలో రాగం తీసేవాడు. కడియం పక్కనున్న ఆ ఎయిడెడ్ హైస్కూల్లో ఇరవై నాలుగేళ్ళుగా తెలుగు చెబుతున్న రామలక్ష్మి మాత్రం ఒక్కనాడు కూడా గొంతెత్తింది లేదు.

"టీచర్, రాగం తీయరాండి?" అని కొత్తగా చేరిన పిల్లలెవరైనా అడిగితే, "పరీక్షలో రాగానికి మార్కుల్లేవు. ప్రతిపదార్థానికి ఉన్నాయి. రాసుకో" అనేది.

పిల్లలు ఆవిడకి గొంతు లేదనుకున్నారు. స్టాఫ్ రూములో వాళ్ళు ఆవిడకి రసికత లేదనుకున్నారు. రెండూ తప్పే. తన గొంతు ఎలాంటిదో, ఎవరి గొంతులా ఉంటుందో రామలక్ష్మికి బాగా తెలుసు. తెలుసు కాబట్టే దానికి తాళం వేసి పెట్టింది. ఆ తాళం వేయించింది ఎవరయ్యా అంటే, ఆవిడ ఒక్కతే కాదు. పెద్దమనుషులు చాలామంది చేతులు అందులో ఉన్నాయి.

తొంభై ఎనిమిది జనవరిలో ఒకరోజు భోజనాల బెల్లు కొట్టాక, మర్చిపోయిన కాంపోజిషన్ పుస్తకాల కోసం ఆవిడ తొమ్మిదో తరగతి గదికి వెళ్ళింది. గుమ్మం దాకా వెళ్ళేసరికి లోపల్నుంచి హార్మోనియం వినిపించింది. పాతిక మంది పిల్లలు క్యారేజీలు తెరవకుండా ఒక చిన్న టేప్ రికార్డరు చుట్టూ మూగి ఉన్నారు. ఆ టేప్ రికార్డరూ, అందులో క్యాసెట్టూ శ్రీదుర్గవి. శ్రీదుర్గ నాన్న బుల్లియ్య లారీ డ్రైవరు. కడియం నర్సరీల నుంచి మొక్కలు ఎక్కించుకుని నాగపూరు, భోపాలు తోలుకెళ్తుంటాడు. ఆ క్యాసెట్టు లారీలోది. నాన్నకి చెప్పకుండా తెచ్చేసింది.

ఎప్పుడో ఏ తిరునాళ్ళలోనో నాటకం ఆడుతుంటే మైకుసెట్టు వాళ్ళు టేపు చేసిన పద్యాలవి. రాజు వెళ్ళగొట్టిన రాణి విషం తాగి, చనిపోయే ముందు ముఖారి రాగంలో పద్యం పాడుతోంది. నాలుగో పాదం చివర రాగం పైకి వెళ్ళి, అక్కడ కాసేపు నిలబడి, దిగి ఆగిపోయింది. ధబ్బున పడిన చప్పుడు. ఆ వెంటనే జనం గోల, ఈలలు. ఇంతలో మళ్ళీ హార్మోనియం, మళ్ళీ అదే రాణి, మళ్ళీ అదే పద్యం. పిల్లలు ఘొల్లున నవ్వారు.

"టీచర్, క్యాసెట్టు పాడైపోయిందండి!" అన్నాడు హరిబాబు, చేతిలో పెన్సిలు పట్టుకుని. "రాణిగారు చచ్చిపోయిందండి. మళ్ళీ లేచి పాడేత్తందండి. రీలు వెనక్కి తిరిగిపోయినట్టుంది. ఆపండే, పెన్సిలెట్టి తిప్పేత్తాను."

రామలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆరేళ్ళయింది ఆ గొంతు లోకంలో లేక. ఇరవయ్యేళ్ళు పైనే అయింది ఆ పద్యం విని. అది ఇక్కడ, ఈ గదిలో, తను చాక్‌పీసు పట్టుకు తిరిగే ఈ నాలుగు గోడల మధ్య మోగుతోంది. పైగా పిల్లలు నవ్వుతున్నారు.

"పాడైంది క్యాసెట్టు కాదు, మీ చెవులు!" అంది. అంత గట్టిగా అరుస్తానని ఆవిడే అనుకోలేదు. "ముట్టుకోకు దాన్ని! పెన్సిలు కింద పెట్టు! ఆ గోల ఏంటనుకుంటున్నారు? జనం వన్స్ మోర్ అంటున్నారు. వన్స్ మోర్ అంటే పాడినవాళ్ళు మళ్ళీ పాడాలి. చచ్చిపోయిన వేషమైనా సరే లేవాలి. లేచి పాడాలి, పాడి మళ్ళీ చావాలి. ఎంతమంది అడిగితే అన్నిసార్లు. మీ సినిమాలో హీరోయిన్ని అడగండి, లేస్తుందేమో!"

పిల్లలు బిక్కచచ్చిపోయారు. ఆవిడే వెళ్ళి బటన్ నొక్కి టేపు వెనక్కి తిప్పింది. "నోరు మూసుకుని వినండి. మొదటిసారి మూడో పాదం దగ్గర ఊపిరి తీసుకుంటుంది. విన్నారా? ఇప్పుడు రెండోసారి. తీసుకోదు. మూడూ నాలుగూ ఒకే ఊపిరి. మొదటిసారి పాడేది నాటకం కోసం. రెండోసారి పాడేది జనం కోసం. రెండోదెప్పుడూ మొదటిదాన్ని మించే ఉండాలి. లేకపోతే లేచినందుకు సిగ్గు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పద్యం అయిపోయాక హరిబాబు నెమ్మదిగా, "నిజవేనండి, ఊపిరి తీసుకోలేదండి" అన్నాడు. శ్రీదుర్గ మాత్రం టీచరు మొహంలోకి చూస్తూ, "ఇవన్నీ మీకెలా తెలుసండి?" అని అడిగింది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు రామలక్ష్మి చేయి పైట కొంగు మీదికి వెళ్ళింది. "చిన్నప్పుడు చూశాను, నాటకాలు" అంది. మాట మార్చడానికి క్యాసెట్టు పెట్టె చేతిలోకి తీసుకుంది. అట్ట మీద రాజు వేషం వేసిన ఆయన బొమ్మ, కిరీటం, మీసం. బొమ్మ కింద పెద్దక్షరాలతో ఆయన పేరు. దాని కింద చీమతలకాయలంత అక్షరాలతో "మరియు బృందం". మూడు పద్యాలు ఆయనవి, ఏడు పద్యాలు రాణివి. ఆ రాణి "మరియు" దగ్గర ఎక్కడో ఉంది.

ఆ రాణి ఆలమూరు సంపూర్ణం. రామలక్ష్మి తల్లి.

సంపూర్ణమ్మ పదమూడో ఏట స్టేజీ ఎక్కింది. తండ్రి ఎవరని అడిగితే జవాబు లేని ఇంట్లో పుట్టింది. ఆ ఇళ్ళలో పుట్టిన ఆడపిల్లకి అప్పట్లో లోకం చూపించిన దారులు రెండే, అందులో నాటకం కాస్త గౌరవమైనది. గౌరవమంటే ఎంతో కూడా చెప్పుకోవాలి. యాభై ఎనిమిదిలో, రామలక్ష్మికి పన్నెండేళ్ళప్పుడు, ఇదే ఊళ్ళో ఇదే స్కూలుకి గోడలు లేచి పైకప్పుకి డబ్బుల్లేక ఆగిపోయింది. ఊరి పెద్దలు సంపూర్ణమ్మ దగ్గరికి వచ్చారు. "అమ్మా, పిల్లల చదువుకోసం. మూడు ఆటలు టికెట్టు పెట్టి వేయించుకుంటాం. నువ్వొస్తే జనం విరగబడతారు" అన్నారు. సంపూర్ణమ్మ ఒప్పందం చీటీ లేదు, బేరం లేదు, పిల్లల చదువుకోసమంటే నేను పుచ్చుకోనంది. మూడు రోజులు ఆడింది. ఒక్కో పద్యం మూడేసి సార్లు పాడింది. మూడో రోజుకి గొంతు బొంగురుపోతే మిరియాలు నమిలి పాడింది. ముందు వరసలో కుర్చీ వేసుకుని అందరికంటే గట్టిగా వన్స్ మోర్ అరిచింది ఊరి ప్రెసిడెంటుగారు.

మర్నాడు పొద్దున్న బండి ఎక్కే ముందు తల్లీకూతుళ్ళు ఆ ప్రెసిడెంటుగారి ఇంటి ముందు ఆగి మంచినీళ్ళు అడిగారు. గ్లాసు ఇవ్వలేదు. దొడ్డివైపు రమ్మని, చెంబు ఎత్తిపట్టి దోసిట్లో పోశారు. గొంతు కావలసొచ్చినన్నాళ్ళూ "అమ్మా", ఆ గొంతులోకి నాలుగు గుక్కల నీళ్ళు పోయాల్సొస్తే దొడ్డిదారి! ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. సంపూర్ణమ్మ ఆ నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, కూతురితో ఒకటే అంది. "నువ్వు చదువుకో."

రామలక్ష్మి చదువుకుంది. ట్రైనింగ్ అప్లికేషన్లో తల్లి వృత్తి దగ్గర "కుట్టుపని" అని రాయించింది కూడా సంపూర్ణమ్మే. డెబ్భై నాలుగులో ఉద్యోగం వచ్చింది, అదీ సరిగ్గా ఈ స్కూల్లోనే. ఎవరూ ఆనవాలు పట్టలేదు. కూడా వచ్చిన చిన్నపిల్ల మొహం ఎవరికి గుర్తుంటుంది? స్కూలు వరండాలో గోడకి ఒక పాలరాయి ఉంది. అందులో ఇరవై మూడు పేర్లున్నాయి. ఇటుకలిచ్చినాయన పేరుంది. కలపిచ్చినాయన పేరుంది. ఇసుక తోలిన బండ్లు ఎవరివో ఆయన పేరు కూడా ఉంది. బంగాళాపెంకు వేయించిన సంపూర్ణమ్మ పేరు లేదు. రోజూ ఆ రాయి పక్కనుంచే హాజరుపట్టీ పట్టుకుని నడిచింది రామలక్ష్మి. ఒక్కరోజు ఒక్కరినైనా అడగలేదు.

అడగకపోవడం ఒక ఎత్తు. ఇంకొకటి ఉంది. డెబ్భై తొమ్మిదిలో ఒక మధ్యాహ్నం సంపూర్ణమ్మ పనసపొట్టు కూర వండి క్యారేజీలో పెట్టుకుని, రాజమండ్రి నుంచి బస్సులో స్కూలుకి వచ్చింది. కూతురికి ఇష్టమని. అప్పటికి ఆవిడ నాటకాలు మానేసింది. అయినా నడకలో ఆ తీరు పోలేదు, కంటి కాటుక పోలేదు. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు తలెత్తి, "ఎవరండీ ఆవిడ?" అన్నాడు.

"మా ఇంట్లో వంటకి వస్తుందండి" అంది రామలక్ష్మి.

సంపూర్ణమ్మ విన్నది. రెప్పపాటు కూడా పట్టలేదు. తలమీద కొంగు సర్దుకుని, నడుం కాస్త వంచి, "క్యారేజీ మర్చిపోయారండి అమ్మగారూ" అని బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. అమ్మ జన్మలో వేసిన వేషాలన్నిట్లోకీ అదే గొప్పగా వేసింది. దానికి ఎవరూ వన్స్ మోర్ అనలేదు. సంపూర్ణమ్మ మళ్ళీ స్కూలు గడప తొక్కలేదు. ఆ సంగతి తల్లీకూతుళ్ళిద్దరూ ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. తొంభై రెండులో ఆవిడ పోయింది.

ఇప్పుడు ఈ తొమ్మిదో తరగతి పిల్లలకి ఆ పద్యం పిచ్చి పట్టుకుంది. రోజూ మధ్యాహ్నం అదే పని. హరిబాబు వన్స్ మోర్ అని అరవడం, టేపు వెనక్కి తిప్పడం. శ్రీదుర్గ అయితే పట్టుకుని వదల్లేదు. "నాకు నేర్పండి టీచర్. వార్షికోత్సవంలో పాడతానండి. మా నాన్న లారీలో వింటే నిద్రొచ్చేదండి. మీరు చెప్పాక విన్నాను, ఒళ్ళు జలదరించిందండి."

రామలక్ష్మికి సంతోషం వెయ్యాలి. వేసింది కూడా. కానీ దాని వెనకాలే ఒళ్ళుమండే కోపం వచ్చింది. ఈ పిల్లలకి ఆ పద్యం పాడటానికి సిగ్గులేదు, భయం లేదు. బాగుంది కాబట్టి బాగుంది. అంతే. ఇంత సులువైన సంగతిని తన నోట రాకుండా ఇరవై నాలుగేళ్ళు కుక్కి పెట్టింది ఎవరు? పన్నెండేళ్ళ పిల్లకి దోసిట్లో నీళ్ళు పోసి సిగ్గు నేర్పిన పెద్దలకి, ఆ సిగ్గుని బుద్ధిగా నేర్చుకుని ఫస్టు క్లాసులో పాసైన తనకి, ఎవరు వేస్తారు శిక్ష?

సాయంత్రాలు స్కూలు వదిలాక నేర్పడం మొదలుపెట్టింది. మొదటిరోజు మాటలతోనే చెబుదామనుకుంది. ఇక్కడ ఆపు, ఇక్కడ సాగదియ్యి అని. మాటలతో రాగం వస్తే ఇంకేం? శ్రీదుర్గ మూడో పాదం దగ్గర నాలుగుసార్లు తప్పింది. అయిదోసారికి రామలక్ష్మి ఓపిక పోయింది. "అలా కాదే!" అని గొంతెత్తింది.

ఇన్నేళ్ళు వాడని గొంతు మొదట జీరపోయింది. తర్వాత దారి దొరికింది. మూడూ నాలుగూ ఒకే ఊపిరిలో పాడి ఆపేసరికి కిటికీ బయట సైకిళ్ళు పట్టుకుని వెళ్ళాల్సిన పిల్లలు వెళ్ళకుండా నిలబడి ఉన్నారు. శ్రీదుర్గ నోరు తెరుచుకుని, "టీచర్, క్యాసెట్లో రాణిలాగే ఉందండి మీ గొంతు" అంది. రామలక్ష్మి అవుననలేదు, కాదనలేదు. "పాడు" అంది.

వార్షికోత్సవానికి పది రోజులుందనగా హెడ్మాస్టరు జగన్నాథరావుగారు కబురు పెట్టారు. ఆవిడ వెళ్ళేసరికి గదిలో స్కూలు కరస్పాండెంటు చినబాబుగారు కూర్చుని ఉన్నారు. ఆనాటి ప్రెసిడెంటుగారి కొడుకే ఈయన. మాట మెత్తన, మర్యాదకి లోటు లేదు.

"కూర్చోండి టీచరుగారూ" అన్నారు చినబాబుగారు, చేతిలో ప్రోగ్రాం కాగితం పెట్టుకుని. "మరేం లేదండి. తొమ్మిదో తరగతి ఆడపిల్ల చేత ఏదో నాటకాల పద్యం పాడిస్తున్నారట. ఆ నాటకాలాళ్ళు ఎలాంటివాళ్ళో మీకు తెలీదేమో. ఆడపిల్లల చేత అవి పాడిస్తే ఊళ్ళో ఏమనుకుంటారండీ? దాని బదులు ఏదైనా సినిమా డ్యాన్సు పెట్టించండి. పిల్లలు హుషారుగా వేస్తారు, చూసేవాళ్ళకీ బాగుంటుంది."

జగన్నాథరావుగారు నేలచూపులు చూశారు. మంచాయనే. కాకపోతే మరో రెండేళ్ళలో రిటైరవ్వాలి. గొడవంటే ఆమడ దూరం.

పదిహేనేళ్ళ పిల్ల నడుం తిప్పితే ఊరికి బాగుంటుంది, ముఖారి పాడితే ఊరి పరువు పోతుంది! రామలక్ష్మికి చెవులు వేడెక్కాయి. ఎప్పట్లాగే, "అలాగేనండి" అని లేచి రావచ్చు. నోటి చివరిదాకా వచ్చింది కూడా ఆ మాట. కానీ "ఎలాంటివాళ్ళో" అన్న మాట గొంతుకి అడ్డం పడింది.

"ఒక్కసారి తలెత్తి పైకి చూడండి" అంది.

ఇద్దరూ అయోమయంగా పైకి చూశారు.

"ఆ పెంకు ఎలా వచ్చిందో తెలుసాండీ?"

"మా నాన్నగారి హయాంలో వేయించారు" అన్నారు చినబాబుగారు.

"మీ నాన్నగారు ఇటుకలిచ్చారండి. రాతి మీద ఉంది. పెంకు మాత్రం నాటకాలాళ్ళు వేయించారు. మూడు రోజులు టికెట్టు ఆట ఆడి, రాణి వేషం వేసినావిడ ఏమీ పుచ్చుకోకుండా పాడితే వచ్చిన పెంకండి అది. నలభై ఏళ్ళ నుంచి మీ ఊరి పిల్లలు ఎవరూ వానకి తడవకుండా చదువుకున్నారు కదా, ఆ నాటకాలాళ్ళ చలవే. దాని కింద కూర్చుని ఆవిడ ఎలాంటిదో అంటున్నారు మీరు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదేనండి."

చినబాబుగారి మొహం ఎర్రబడింది. "ఎవరండీ ఆవిడ? మీకెవరు చెప్పారు ఇవన్నీ?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆవిడకి తెలుసు. ఇన్నాళ్ళూ కట్టుకున్నదంతా, టీచరుగారనే పిలుపూ, స్టాఫ్ రూములో కుర్చీ, కూరగాయల బజార్లో జనం ఇచ్చే దారీ, అన్నీ ఒక్క మాటతో ఏమవుతాయో తెలుసు.

"ఎవరూ చెప్పలేదండి. చూశాను. ఆవిడ పేరు ఆలమూరు సంపూర్ణం. మా అమ్మ."

చినబాబుగారు కుర్చీలో వెనక్కి వాలి, ఆవిణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూశారు. అంతకు ముందు క్షణం దాకా ఆయన ఆవిణ్ణి అలా చూడలేదు. "అదన్నమాట సంగతి" అన్నారు. ఆ చూపు కూతురి మీద పడకూడదనే కదా అమ్మ నడుం వంచి అమ్మగారూ అన్నది! రామలక్ష్మి కళ్ళు దించుకోలేదు. చివరికి ఆయనే కాగితం వైపు తిరిగి, "సరేనండి, పాడించుకోండి. పెద్దవారు, నేనెందుకు కాదనాలి? కానీ ఆ పేరు మాత్రం స్టేజీ మీద వద్దు. పాత పద్యం అంటే చాలు. ఇది మీ మంచికే చెబుతున్నాను" అన్నారు.

జగన్నాథరావుగారు వరండాలోకి వెంట వచ్చారు. "అమ్మా, పద్యం పాడనిస్తానన్నారుగా. అది చాలదా? పేరు చెబితే ఏంటి, చెప్పకపోతే ఏంటి? మీకు ఇంకా ఆరేళ్ళ సర్వీసుంది" అని బతిమాలారు. ఆ మాట అన్నది సరిగ్గా ఇరవై మూడు పేర్ల రాయి ముందు నిలబడి. ఆవిడ రాయి వైపు చూసి, "పేరు చెబితే ఏంటో వీళ్ళనడగండి మాస్టారూ" అని వెళ్ళిపోయింది.

ఆ పది రోజుల్లో సంగతి ఊరంతా పాకింది. స్టాఫ్ రూములో ఆవిడ రాగానే మాటలు ఆగిపోయేవి. ఎవరో ఇద్దరు తల్లులు వచ్చి తమ పిల్లల్ని ఆవిడ నేర్పే కోలాటంలోంచి తీసేయమన్నారు. బుల్లియ్య మాత్రం కూతుర్ని మాన్పించలేదు. ఆ వారం అతను నాగపూరు లోడులో ఉన్నాడు.

వార్షికోత్సవం రోజు సాయంత్రం షామియానా నిండిపోయింది. కరస్పాండెంటుగారు ముందు వరసలో, వాళ్ళ నాన్నగారు ఒకప్పుడు కుర్చీ వేసుకున్న చోటే కూర్చున్నారు. మూడు సినిమా డ్యాన్సుల తర్వాత మైకులో జగన్నాథరావుగారు, "ఇప్పుడు తొమ్మిదో తరగతి విద్యార్థిని శ్రీదుర్గ ఒక పాత పద్యం పాడుతుంది" అన్నారు. శ్రీదుర్గ వచ్చి నిలబడింది. రామలక్ష్మి పక్కన హార్మోనియం దగ్గర ఉంది. లేచింది. నాలుగడుగులు వేసి మైకు తన వైపు తిప్పుకుంది.

"పాత పద్యమే. కానీ దిక్కులేనిది కాదు. ఈ స్కూలు పైకప్పు కోసం ఇదే ఊళ్ళో ఈ పద్యం తొమ్మిదిసార్లు పాడినావిడ పేరు ఆలమూరు సంపూర్ణం. ఈ స్కూలు ఆ పేరు రాసుకోలేదు. నేను ఆవిడ కూతుర్ని. నేనూ చెప్పలేదు. రాయనివాళ్ళది ఎంత తప్పో, చెప్పని నాది అంతకి రెట్టింపు. ఇప్పుడు చెబుతున్నాను. వినండి."

ముందు వరసలో కలకలం. చినబాబుగారు లేచి వెళ్ళిపోయారు, ఆయన వెంట ఇంకో నలుగురు. ఖాళీ అయిన కుర్చీల వైపు చూసి పిల్ల బెదిరిపోతుందేమో అనుకుంది రామలక్ష్మి. శ్రీదుర్గ బెదరలేదు. కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. మూడో పాదం, నాలుగో పాదం, ఒకే ఊపిరి. ఆగగానే వెనక వరసల్లోంచి, తాటాకు చాపల మీద కూర్చున్న ముసలివాళ్ళ దగ్గర్నుంచి, వన్స్ మోర్ అని ఒక అరుపు లేచింది. తర్వాత పిల్లలందరూ అందుకున్నారు. శ్రీదుర్గ మళ్ళీ పాడింది. రెండోది మొదటిదాన్ని మించింది.

అంతా అయ్యాక షామియానా వెనకాల బుల్లియ్య వచ్చి నిలబడ్డాడు. మధ్యాహ్నమే లోడుతో తిరిగొచ్చాడట. భుజం మీద తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

"టీచరుగారండీ, తప్పయిపోయిందండి" అన్నాడు.

"నీ తప్పేంటి బుల్లియ్యా? నీ కూతురు బంగారంలా పాడింది."

"అది కాదండి. ఆ క్యాసెట్టు నాకిచ్చింది పెద్దావిడేనండి. మీ అమ్మగారని ఇప్పుడు మీరు చెప్పేదాకా తెలీదండి. రాజమండ్రిలో కోటిపల్లి బస్టాండు దగ్గర లారీ ఆపి టీ తాగేవోణ్ణండి. ఆవిడ గది అక్కడే. ఓ రోజు ఏ ఊరు బాబూ అన్నారు. చెప్పాను. మళ్ళీ వారం వెళ్ళేసరికి కొట్లో ఈ క్యాసెట్టు కొనుక్కొచ్చి నా చేతిలో పెట్టారు. ఇందులో ఆడగొంతు నాదేరా అబ్బాయ్, నీ లారీ ఏ దేశం వెళ్తే ఆ దేశంలో వేసుకో అన్నారండి."

తన గొంతు తనే కొనుక్కుని, పేరు లేని ఆ అట్టతో సహా, లారీ డ్రైవరుకి ఇచ్చింది అమ్మ.

"ఒక్క షరతు పెట్టారండి" అన్నాడు బుల్లియ్య. "మీ ఊరి హైస్కూలు వచ్చేసరికి మాత్రం ఆపెయ్యి, కాంపౌండు గోడ దాటాక మళ్ళీ పెట్టుకో అన్నారు. పిల్లల చదువులు చెడతాయనేమో అనుకున్నానండి. తొమ్మిదేళ్ళండి. వెళ్ళేటప్పుడూ ఆపాను, వచ్చేటప్పుడూ ఆపాను. ఆవిడ పోయారని తెలిశాక కూడా ఆపానండి, మాటిచ్చాను కదండీ. మా పిల్ల ఆ క్యాసెట్టు తెచ్చి ఇక్కడే పెట్టేసిందని తెలిసి ప్రాణం ఉసూరుమందండి. ఎందుకు ఆపమన్నారో ఈవేళ అర్థమైంది."

నాగపూర్లో మోగింది. భోపాల్లో మోగింది. దారిలో ఎన్ని ఊళ్ళున్నాయో అన్ని ఊళ్ళలోనూ మోగింది. కన్నకూతురు పాఠం చెప్పే గోడ దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంది. ఎవరూ మూయించలేదు, తనే మూసుకుంది. ఊరి మీద, కరస్పాండెంటు మీద, ఆ రాతి మీద ఇన్నాళ్ళూ పెంచుకున్న కోపం అంతా ఒక్కసారిగా రామలక్ష్మి మీదికే తిరిగింది. ఆవిడకి ఏడుపు రాలేదు. అమ్మ మీద కూడా కోపం వచ్చింది. ఎందుకంత బాగా అర్థం చేసుకుందని.

"లారీ ఎక్కడుంది?" అంది.

"గేటు బయటేనండి. పొద్దున్నే మళ్ళీ లోడెక్కించాలి, ఇప్పుడు నర్సరీకి తోలెయ్యాలండి."

"క్యాసెట్టు అందులో ఉందా?"

"ఆయ్, ఉందండి. మా పిల్ల ఇందాకే తిరిగిచ్చేసిందండి."

"అయితే గేటు ముందే పెట్టు బుల్లియ్యా. ఎంత సౌండు వస్తే అంత. అయిపోయేదాకా లారీ కదపకు."

బుల్లియ్య ఆవిడ మొహం వైపు చూసి, ఇంకేం అడక్కుండా గేటు వైపు నడిచాడు.